ఊరేగింపు చూసినవాడి వాటా

విశాఖపట్నంలో ఎవరికైనా ప్రభుత్వంతో పేచీ వస్తే ఎక్కడికి వెళ్లి కూర్చోవాలో ఈనాడు బడిపిల్లలకు కూడా తెలుసు. జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ కార్యాలయం ఎదురుగా గాంధీ విగ్రహం ఉంది; అక్కడ వీలు కాకపోతే డాబాగార్డెన్స్‌లో అంబేద్కర్ విగ్రహం ఉంది; అదీ కాదంటే మహారాణిపేటలో కలెక్టరేటు గేటు ఉంది. ఆటోవాళ్లు కూడా "ఇవాళ గాంధీ బొమ్మ దగ్గర ఎవరండీ?" అని అడిగేంతగా ఆ చోటు ఖాయమైపోయింది. మా చిన్నతనంలో నిరసన ఇలా ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు, నడిచి వెళ్లేది. ఎక్కడో కాలేజీ దగ్గరో, రేవు గేటు దగ్గరో మొదలై, బజారు గుండా సాగి, అధికారి ఎవరో ఉన్న చోటికి చేరేది. మధ్యలో మా వీధి ఉండేది కాబట్టి, ఎవరికి ఏ కష్టం వచ్చిందో ఇంట్లో కూర్చున్న మాకు కూడా తెలిసేది. ఆ ఊరేగింపుల గురించి, వాటిని చూస్తూ పెరిగినవాడిగా వాటిలో నాకు కూడా వాటా ఉందని నేను అనుకోవడానికి గల కారణాల గురించి ఇక్కడ రాసుకుంటున్నాను.

మేము వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు దగ్గరలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాన్నగారు రేవులో ఉద్యోగి. వీధి వైపు ఎత్తయిన అరుగు ఉండేది. పండగ రోజున దేవుడి ఊరేగింపయినా, మిగతా రోజుల్లో జెండాల ఊరేగింపయినా ఆ అరుగు మీద నిలబడే చూసేవాళ్లం. 1966 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ దారిన నడిచినంత మంది జనాన్ని అంతకు ముందు ఎన్నడూ చూడలేదని మా నాయనమ్మ తరువాత చాలా ఏళ్లపాటు చెప్పేది. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అనే నినాదం నాకు అర్థం తెలియకముందే నోటికి వచ్చేసింది. ఉక్కు అంటే ఏమిటో, హక్కు అంటే ఏమిటో తెలియని వయసులో, దాన్ని మేము గోలీలాటలో లెక్కపాటగా వాడుకునేవాళ్లం.

ఆ ఉద్యమం వెనుక సంగతులు పెద్దయ్యాకనే తెలిశాయి. దక్షిణాదిన కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నమే తగిన చోటని 1965లో ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం సిఫారసు చేసింది; అయినా ఢిల్లీలో కదలిక రాలేదు. దాంతో 1966 అక్టోబరు 15న తమనపల్లి అమృతరావు గారు విశాఖపట్నంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. మా ఊరి పెద్దమనిషి, స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం గారు ఉద్యమానికి ముందు నిలిచారు. నవంబరు 1, అంటే రాష్ట్రం ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, విశాఖపట్నంలో జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని నేటికీ ఉద్యమకారులు స్మరిస్తారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు కర్మాగారాన్ని ప్రకటించారు; 1971 జనవరి 20న బలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు.

నాకు ఆ నవంబరు 1 గురించి సొంతంగా జ్ఞాపకం ఉన్నది ఒక్కటే. మా ఎదురుగా ఒక కిరాణా కొట్టు ఉండేది. ఈనాటి షట్టర్లు అప్పట్లో లేవు. నిలువు చెక్కపలకలను ఒకదాని పక్కన ఒకటిగా గాడిలోకి దించి కొట్టు మూసేవారు. ఏ పలక తరువాత ఏది రావాలో తెలియడానికి ఒక్కొక్క దాని మీద తెల్లరంగుతో అంకె వేసి ఉండేది. కొత్తగా అంకెలు నేర్చుకున్న నేను రోజూ రాత్రి ఆ పలకలను వరసగా చదివి ఆనందించేవాణ్ణి. ఆ రోజు బజారు వైపునుంచి జనం పరిగెత్తుకుని వస్తుంటే కొట్టు యజమాని పలకలను చేతికందినట్టు దించేశాడు. కొన్ని ఇరుక్కున్నాయి, ఒకటి రెండు బయటే ఉండిపోయాయి. నాలుగు తరువాత తొమ్మిది, తొమ్మిది తరువాత రెండు. నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగేవరకు నేను ఆ తప్పు వరసనే చూస్తూ నిలబడ్డాను. చీకటి పడ్డాక నాన్నగారు సందుగొందుల వెంట నడుచుకుంటూ ఇల్లు చేరారు. ఎవరికేమైందో పెద్దవాళ్లు వంటింట్లో చిన్న గొంతుతో మాట్లాడుకున్నారు తప్ప మాకు చెప్పలేదు.

నాన్నగారు నాయకుడు కాదు, ఉపన్యాసకుడు అంతకన్నా కాదు. సంఘానికి చందా కట్టేవారు, సమ్మె పిలుపు వస్తే పనికి వెళ్లేవారు కాదు. అంతకు మించి ముందుకు వెళ్లిన మనిషి కాదు. అయితే ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఇంట్లో బనీనుతో కూర్చుని పేపరు చదువుకుంటున్నప్పుడు దూరం నుంచి నినాదాలు వినబడితే, లేచి, చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని అప్పుడు అరుగు మీదికి వచ్చేవారు. అది ఏ పార్టీ ఊరేగింపని చూసేవారు కాదు. తాను ఓటు వెయ్యని పార్టీవాళ్లు వచ్చినా, తనకు ఇష్టం లేని కోరికలు కోరేవాళ్లు వచ్చినా చొక్కా తొడుక్కోవడం మానలేదు. "మన గడప ముందుకు వచ్చి మనిషి గోడు చెప్పుకుంటుంటే బనీనుతో నిలబడతామా?" అని ఒకసారి మా అమ్మతో అన్నారు. కరపత్రం ఇస్తే తీసుకుని, అక్కడే నిలబడి మొదటినుంచి చివరివరకు చదివి, మడిచి జేబులో పెట్టుకునేవారు. పౌరశాస్త్రం పుస్తకంలో నేను తరువాత చదివిన అధికరణాలకంటే ముందు నాకు అందిన పాఠం ఆ చొక్కానే.

తరువాతి సంవత్సరాలలో మా ఊళ్లో ఊరేగింపులకు కరువు రాలేదు. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు కాలేజీలు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మా చదువు ఆగిపోయింది. పిల్లలమైన మేము అందుకు బాధపడ్డామని చెప్పడం అబద్ధమే అవుతుంది. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె మొదలైంది. వాల్తేరులో రైల్వే ఉద్యోగిగా ఉన్న మా మేనమామ, అరెస్టులు జరుగుతున్నాయని తెలిసి కొన్నాళ్లు మా ఇంట్లో పడుకున్నాడు. మా అత్తయ్య పగలు వచ్చి, కూర గిన్నె ఇచ్చే మిషతో ఆయనకు కబుర్లు చెప్పి వెళ్లేది. ఆ మరుసటి ఏడాది జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. అప్పుడు మా వీధి ఎలా ఉండేదో చాలామంది మరచిపోయారు. కొందరు ఆ రోజుల క్రమశిక్షణను మెచ్చుకుంటూ మాట్లాడతారు కూడా. రైళ్లు వేళకు వచ్చి ఉండవచ్చు. మా అరుగు ముందు నుంచి మాత్రం దేవుడి పల్లకీలు, పెళ్లి మేళాలు తప్ప మరేమీ వెళ్లలేదు. ఎవరికీ ఏ కష్టమూ లేనందువల్ల కాదు కదా.

నేను చదువు ముగించి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. అక్కడ నిరసనకు మాదైన మర్యాదలు ఉండేవి. మొదట వినతిపత్రం, దానికి జవాబు రాకపోతే నల్ల బ్యాడ్జీలు, ఆ తరువాత భోజన విరామ సమయంలో ప్రదర్శన. మధ్యాహ్నం కారియర్ మూత తీయకుండా బల్ల మీదే ఉంచి, కిందికి దిగి, గేటు దగ్గర అరగంట నినాదాలిచ్చి, మళ్లీ ఎవరి కుర్చీలోకి వాళ్లం వచ్చేవాళ్లం. ఆ అరగంట ధర్మం వెనుక ఒక సుప్రీంకోర్టు తీర్పు ఉందని మా సంఘం కార్యదర్శి చెప్పేవాడు. 1962లో బీహారు ఉద్యోగుల కేసులో, అంటే కామేశ్వర్ ప్రసాద్ కేసులో, ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన మనిషి ప్రదర్శన చేసే హక్కును పూర్తిగా కోల్పోడని, ఏ రకమైన ప్రదర్శన అయినా సరే కూడదనే నిబంధన చెల్లదని కోర్టు అన్నది. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని అదే తీర్పు చెప్పింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో ఆ మాట మరింత గట్టిగా చెప్పారు. అరగంట నినాదాలకు, పని ఆపడానికి మధ్య ఉన్న ఆ సన్నని గీత మీదే మా తరం గుమాస్తాలు ఉద్యోగ జీవితమంతా నడిచారు.

ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి ఈ తీర్పులను ఒక్కొక్కటిగా చదువుకున్నాను. రాజ్యాంగం 19వ అధికరణం మొదటి భాగంలో వాక్ స్వాతంత్ర్యం, దాని వెంటనే ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఉన్నాయి. ఆ వెనుకనే దేశ సార్వభౌమత్వం, ప్రజాశాంతి వంటి కారణాలపై సహేతుకమైన ఆంక్షలు విధించే అధికారం రాజ్యానికి ఉంది. ఇక మిగిలిన వివాదమంతా ఆ సహేతుకం ఎంతవరకు అనేదాని గురించే. 1972లో అహ్మదాబాదుకు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో, వీధుల్లో సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గాని వీధి అనేదాన్నే సభలకు మూసివేసే అధికారం దానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో విడిగా తీర్పు రాసిన జస్టిస్ మాథ్యూ, పౌరులు ముఖాముఖి కలుసుకుని తమ ఆలోచనలను, సమస్యలను చర్చించుకోవడమే సమావేశ హక్కుకు మూలమన్నారు. ఆయనే 1975లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి, రాజ్‌నారాయణ్‌కు మధ్య నడిచిన కేసులో, పాలకులు ప్రజల పేరిట చేసే పనులను తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందన్నారు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు నాకు మా అరుగు గుర్తుకు వచ్చింది. నినాదమిచ్చే వాడి హక్కు గురించి అందరూ మాట్లాడతారు. దాన్ని వినే వాడికి, చూసే వాడికి కూడా అందులో ఒక హక్కు ఉంది. ఊళ్లో ఎవరికో అన్యాయం జరిగిందని అనుకుంటున్నారు. ఆ మాట నా చెవిన పడాలా, వద్దా అన్నది అధికారులు ఒక్కరే తేల్చే విషయం కాదు.

మన ప్రాంతంలో ఈ తేల్చే పని ఎక్కువగా రెండు పాత చట్టాల పేరుతో జరుగుతూ వచ్చింది. ఒకటి, జనం గుంపుగా చేరడాన్ని నిషేధించడానికి వాడే 144 సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో దాని అంకె 163 అయింది, పని మాత్రం అదే. రెండవది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. "థర్టీ యాక్ట్ అమల్లో ఉంది" అనే ప్రకటన మా పత్రికల్లో వాతావరణ సూచనలాగా వస్తూనే ఉంటుంది. సిపాయిల తిరుగుబాటు మొదలైన నాలుగేళ్లకు తెల్లదొర రాసుకున్న చట్టం, స్వతంత్ర దేశంలో ఉపాధ్యాయుల ఊరేగింపునకు ఏ దారి ఇవ్వాలో ఈనాటికీ నిర్ణయించడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. పైగా, 144ను సక్రమమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి వాడరాదని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది.

మన రాష్ట్రంలో ఈ విషయం ఒకసారి తేటగా బయటపడింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభ దగ్గర తొక్కిసలాట జరిగి 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో మరొక కార్యక్రమంలో ముగ్గురు చనిపోయారు. ఆ మరునాడే రోడ్ల మీద, రోడ్ల పక్కన సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో నంబర్ 1 జారీ చేసింది. చనిపోయినవారి పట్ల ఎవరికైనా బాధ ఉంటుంది, జాగ్రత్తలు కావాలనే అంటారు. కాని ఆ జీవో వచ్చిన తీరు, దారిలో గుంట ఉందని దారినే తవ్వేసినట్టుగా నాకు అనిపించింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఒక పార్టీ అధికారంలో ఉన్నప్పుడు జీవోను తిట్టినవాళ్లు, తాము అధికారంలోకి వచ్చాక ముందస్తు అరెస్టులకు కొత్త సమర్థనలు వెతుక్కోవడం కూడా నా వయసువాళ్లు చాలాసార్లు చూశారు కాబట్టి ఈ విషయంలో నేను ఏ ఒక్క జెండాకూ మార్కులు వేయను.

2017 జనవరి 26 ఉదయం నాకు బాగా గుర్తుంది. చెన్నై మెరీనా తీరంలో జల్లికట్టు కోసం యువకులు చేరిన తీరును చూసి, ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో మౌనంగా నిలబడాలని ఇక్కడి యువకులు పిలుపునిచ్చారు. గణతంత్ర దినోత్సవం నాడు రాజ్యాంగం ఇచ్చిన హక్కును వాడుకుంటామనడంలో ఉన్న చమత్కారం ఎవరికైనా అర్థమయ్యేదే. బీచ్ రోడ్డుకు దిగే దారులన్నిటా బారికేడ్లు పెట్టారు. నడకకు వెళ్లే మాలాంటి ముసలివాళ్లను కూడా ఆపి, ఎక్కడికి, ఎందుకు అని అడిగారు. సాయంత్రం అప్పటి ప్రతిపక్ష నాయకుడు కొవ్వొత్తుల ప్రదర్శనకు వస్తే విమానాశ్రయంలోనే ఆపివేశారు. అంత పొడవైన తీరం, అంత సముద్రం ఉన్న ఊళ్లో, నాలుగు వందల మంది మౌనంగా నిలబడడానికి చోటు లేకపోయిందని మా అబ్బాయి ఆ రాత్రి ఫోనులో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మౌనాన్ని చూడగలిగి ఉంటే, ప్రత్యేక హోదా గురించి నా అభిప్రాయం మారేదో లేదో చెప్పలేను. మారే అవకాశం మాత్రం నాకు దక్కలేదు.

ఇటీవలి కాలంలో నేను దగ్గరగా చూసిన నిరసన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా సమ్మె మొదలైంది. మా ఊళ్లో వాళ్లు గాంధీ విగ్రహం దగ్గరికి వచ్చారు. అప్పటికి అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు ఇస్తున్నారు. 26,000 కావాలనీ, గ్రాట్యుటీ ఇవ్వాలనీ వాళ్లు అడుగుతున్నారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది కాబట్టి, ఆ కోరికలో గొంతెమ్మతనం ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం నేను ఆసీలుమెట్ట వైపు ఏదో పని మీద వెళ్లి వస్తూ అక్కడ ఆగాను. టెంటు కింద సగం మందికే నీడ చాలుతోంది. మిగతావాళ్లు ఎండలో, పమిట చెంగు తల మీద కప్పుకుని, కంచాలను గరిటెలతో మోగిస్తున్నారు. అవి స్టీలు కంచాలు. ఒకామె కంచం అంచు మీద పిల్లవాడి పేరు చెక్కించి ఉంది. ఇంట్లోంచి తెచ్చిన పళ్లెం అన్నమాట. మోగించి మోగించి దాని మధ్యభాగం సొట్ట పోయింది. ఆమె మోగించడం ఆపి, సొట్టను బొటనవేలితో లోపలి వైపునుంచి నొక్కి సరిచేసి, మళ్లీ అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి మధ్యలో కొట్టలేదు.

నేను నిలబడి చూస్తుండడం గమనించి పక్కనున్న పెద్దావిడ, "ఏటి బాబుగారూ, అలగే నిలబడిపోనారు? ఎండగుంది, రండి, ఇలగ కూకోండి" అని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి జరిపింది. కూర్చున్నాను. ఏ ఊరమ్మా అని అడిగితే భీమిలి వైపు అన్నది. పొద్దున్న ఇంట్లో వంట చేసి, ఆర్టీసీ బస్సులో వచ్చి, సాయంత్రం తిరిగి వెళుతున్నదట. "గెవర్నమెంటోళ్లు ఇంటారంటారా?" అని నన్నే అడిగింది. జవాబుగా నా దగ్గర ఏముంది? "మేము వింటున్నాం కదమ్మా" అన్నాను. "మీరింటే జీతం పెరుగుద్దేటండీ?" అని ఆవిడ నవ్వేసింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. తరువాత ఆవిడే, కాసేపాగి, మరొక మాట అన్నది: "నిజమేలెండి. మా ఈధిలోవోళ్లకి, మా పిల్లల తల్లులకి, మేమెందుకు సెంటరు మూసేసినామో తెలాలి కదా. నేకపోతే జీతం తీసుకుని పని ఎగ్గొడతన్నారనీసి అంటారు."

నేను తీర్పుల్లో చదివి తెలుసుకున్నదాన్ని ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. కలెక్టరుగారికి ఆవిడ కష్టం కాగితం మీద అందే ఉంటుంది. మంత్రిగారికీ అందే ఉంటుంది. అందవలసింది, సెంటరు తలుపు మూసి ఉండడం చూసి విసుక్కున్న వీధివాళ్లకు. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం ప్రయోగించింది. పిల్లలకు గుడ్డు, పాలు పంచే పని అత్యవసర సేవ అయినప్పుడు, అత్యవసరమైనవాళ్లకు ఇచ్చే జీతం మాత్రం గౌరవ వేతనంగానే మిగిలిపోవడం ఎలా పొసగుతుందో ఎవరూ వివరించలేదు. 42 రోజుల తరువాత చర్చలు జరిగి సమ్మె ముగిసింది.

ఉక్కు సంగతికి మళ్లీ రావాలి. మా ఊళ్లో ఒకే కర్మాగారం పేరు మీద మూడు తరాలు రోడ్డెక్కాయి. మొదటి తరం అది కావాలని నడిచింది. రెండవ తరం, దానికోసం ఊళ్లు వదులుకున్న నిర్వాసితులు. 64 గ్రామాలు ఖాళీ అయ్యాయని అంటారు. ఉద్యోగం ఇస్తామని చేతికిచ్చిన ఆర్-కార్డులను ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టుకుని, తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనవడు కలెక్టరేటు గేటు దగ్గర నిలబడడం నా ఉద్యోగ కాలమంతా చూశాను. మూడవ తరం, 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ సంస్థలో నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన తరువాత కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలకు కూర్చున్నది. ఫిబ్రవరి 12న మొదలైన ఆ శిబిరం వెయ్యి రోజులు దాటి సాగింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మకం ఆలోచనను పూర్తిగా విరమించినట్టు రాతపూర్వకంగా చెప్పాలని కార్మికులు అడుగుతూ వచ్చారు.

ఆ శిబిరం హైవే పక్కనే ఉండడం దాని అదృష్టం. అనకాపల్లి వైపు వెళ్లే ప్రతి బస్సు కిటికీ లోంచి అది కనబడేది. బోర్డు మీద దీక్ష ఎన్నవ రోజో రాసి, రోజూ అంకె మార్చేవారు. మా చుట్టాల పెళ్లికి తునివైపు వెళుతున్నప్పుడల్లా బస్సులో ఎవరో ఒకరు ఆ అంకె పైకి చదవడం, దాని మీద పక్కసీటువాళ్లతో వాదన మొదలుకావడం నేను విన్నాను. కార్మికులకు జీతాలు ఎక్కువన్నవాళ్లున్నారు, సొంత గనులు ఇవ్వకపోతే ఏ కర్మాగారమైనా నష్టపోతుందన్నవాళ్లున్నారు, భూమి ధర చూసే అమ్ముతున్నారన్నవాళ్లున్నారు. తగరపువలస నుంచి వచ్చే కూరగాయల వ్యాపారి, గాజువాకలో ఎక్కే ఇంజినీరు ఒకే సీట్లో కూర్చుని కేంద్ర ప్రభుత్వ విధానం మీద తగవులాడడానికి ఆ అంకె చాలింది. అదే శిబిరాన్ని ఊరికి దూరంగా ఏ ఖాళీ మైదానంలోనో పెట్టించి ఉంటే దీక్ష జరిగేది, పోలీసు రికార్డులో అనుమతి ఉండేది, బస్సులో మాత్రం అందరూ సినిమా చూసుకుంటూ పోయేవారు.

ఈ మాటంటే మా మిత్రుడొకాయనకు కోపం. ఆయన నా తోటి ఉద్యోగే. నాకంటే పైస్థాయిలో విరమణ చేశారు. ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు. "అంబులెన్సు ఆగితే బాధ్యత ఎవరిదండీ? పరీక్షకు వెళ్లే పిల్ల ఆగితే?" అంటారు. 2018లో ఢిల్లీ జంతర్‌మంతర్ కేసులో నిరసన హక్కును నిలబెడుతూనే అక్కడి నివాసుల ఇబ్బందిని కూడా సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకున్నదనీ, 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ కేసులో ప్రజల దారిని నిరవధికంగా ఆక్రమించరాదని, నిరసనలు కేటాయించిన చోటనే జరగాలని చెప్పిందనీ ఆయన గుర్తుచేస్తారు. నిరవధికంగా అనే మాట దగ్గర నాకు ఆయనతో తగాదా లేదు. అంబులెన్సు సంగతికి వస్తే, సమైక్యాంధ్ర రోజుల్లో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర రాస్తారోకో జరుగుతుంటే, సైరన్ వినగానే రోడ్డు మీద పడుకున్న కుర్రాళ్లే లేచి, తాడు పట్టుకుని దారి చేసి, బండి వెళ్లాక మళ్లీ పడుకోవడం నేను కళ్లారా చూశాను. అందరూ అలా చేస్తారని అనను. చేయించడం కష్టం కాదనే నా మాట.

కష్టం కాదనడానికి మా ఊరే రుజువు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ జరుగుతుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. సగం ఊరు రోడ్లు వాళ్లకు అప్పగించేస్తాం. పోలీసులు బండ్లను వేరే దారులకు మళ్లిస్తారు. ఏ దారి ఎన్ని గంటలకు మూస్తారో ముందురోజు పత్రికలో పటంతో సహా వేస్తారు. వీధి వీధికీ మజ్జిగ పందిళ్లు లేస్తాయి, పులిహోర పొట్లాలు పంచుతారు, కాళ్లకు రాసుకోవడానికి నొప్పుల మందు కూడా ఇస్తారు. హారన్ కొట్టినవాణ్ణి అందరూ చీదరించుకుంటారు. డిసెంబరులో నేవీ డే వస్తే బీచ్ రోడ్డు మూస్తాం. వినాయక నిమజ్జనానికి మూస్తాం. ఎన్నికలప్పుడు నాయకుల రోడ్ షోలకు జగదాంబ కూడలి మూస్తాం. ఇవేవీ వద్దని నేను అనడం లేదు. గిరి ప్రదక్షిణ ఓపిక ఉన్నన్నాళ్లు నేనూ చేశాను. ఇంతమందికి దారి ఇవ్వడం తెలిసిన ఊరు, ఐదువందల మంది కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు జగదాంబ నుంచి కలెక్టరేటు దాకా ఒక గంట నడుస్తామంటే ట్రాఫిక్ అనే మాట ఎందుకు ఎత్తుతుందో నాకు అర్థం కాదు. ఆ గంట నేను ఆటోలో కూర్చుని ఉండవలసి వస్తే ఉంటాను. వాళ్లు తెల్లవారుజామున నా వీధి ఊడ్చిపోతున్నారు. ఎందుకు నడుస్తున్నారో తెలుసుకోవడానికి నేను చెల్లించవలసిన రుసుము అదేననుకుంటాను.

మిత్రుడికీ నాకూ ఈ పేచీ ఇంకా తెగలేదు. ఆదివారం సాయంత్రాలు శివాజీ పార్కులో కలుస్తూనే ఉంటాం. ఆయన అంబులెన్సుతో మొదలుపెడతారు, నేను అప్పన్నతో మొదలుపెడతాను. మధ్యలో శనగలమ్మే కుర్రాడు వస్తే, పదిరూపాయల పొట్లం ఎవరు కొనాలనే దాని మీద వాదన కాసేపు అటు మళ్లుతుంది.